మోకాలిలోతు భాగస్తుడు

ఒక పెద్ద అడవిలో ఒక మహావీర తాబేలు ఉండేది. అది నేనే. పేరు కూర్మారావు. నా డిప్ప మీద నిలబడి ఏనుగులు ఏరు దాటేవి. ఏనుగులంటే... ఏనుగు మీంచి దిగిన ఒక జోరీగ.

అడవిపంది వరహాలు ఆ ఏటిమీద తెప్ప నడుపుదామనుకున్నాడు. ఒంట్లో బలముంది, దుంగల్లేవు. నా మడుగు గట్టున పడున్న టేకు దుంగలడిగాడు.

"ఇస్తే తెప్పతోపాటు నేనూ మునగాలేమిట్రా?" అన్నాను.

చలిదేశాల నుంచి వలసొచ్చిన ప్లీడరు కొంగ ఒంటికాలి మీద నిలబడి చెప్పాడు.

"మా సీమలో దీనికో చట్టముంది మామా. భాగస్తులు రెండు రకాలు. నడిపేవాడు నిండా మునుగుతాడు. నష్టమొస్తే ఇల్లూ వాకిలీ ఇచ్చుకోవాలి. పెట్టుబడి పెట్టినవాడు మోకాలిలోతే. పోతే నీ దుంగలు పోతాయి, నీ మడుగు జోలికెవరూ రారు. ఒకటే షరతు, తల బయట పెట్టకూడదు. పెత్తనం చెయ్యకూడదు, బోర్డు మీద పేరుండకూడదు."

"తల లోపల పెట్టడంలో నన్ను మించినవాడెవడు!" అని కాలిముద్ర వేశాను.

మూడోనాడు వరహాలు బోర్డు కట్టాడు: 'వరహాలు అండ్ కంపెనీ'. రెండొందలేళ్ల వీరుణ్ణి, 'అండ్' వెనకాలా!

"నీ పేరు చూసి ఎవడెక్కుతాడ్రా? నా పేరు రాయి."

"వద్దు బాబాయ్, కొంగ ఏం చెప్పాడు?"

"చేపలు తప్ప వాడికేం తెలుసు!"

'కూర్మారావు అండ్ కంపెనీ' అని రాయించాను. ఏనుగు పాదాలంత అక్షరాలు. ఈసారి నిజంగానే.

కోతులు తమ పనసకాయలన్నీ తెప్పకెక్కించాయి. నేను ముందు కూర్చుని "ఎడమకి!" అని గర్జించాను.

"అటు బండుంది బాబాయ్!"

"బోర్డు చదువుకోరా!"

చదువుకుని ఎడమకి తిప్పాడు. బండ ఉంది.

ఒడ్డుకు చేరాక కోతులపెద్ద "మా కాయలెవరిస్తారు?" అని అరిచాడు. నేను తల లోపలికి లాక్కుని "నాది మోకాలిలోతే" అన్నాను.

వాడు డిప్ప మీద టకటకా కొట్టాడు. "ఆ పేరు చూసేగా తాతా మేమెక్కిందీ!"

నీళ్లమీద బోర్డు తేలుతోంది. అన్నీ మునిగాయి గానీ, అది మునగలేదు.

కొంగను తగవు తీర్చమన్నారు. "పేరు పెట్టావు, పెత్తనం చేశావు. నువ్వూ నిండా మునిగావు మామా."

"తాబేలు మునిగితే నష్టమేమిట్రా?" అని నవ్వాను.

"మడుగుతో సహా" అన్నాడు.

తామరదుంపలతో సహా నా మడుగు కోతులపాలైంది. వరహాలుకి బురదగుంట పోయింది. అయినా "చెప్పానా బాబాయ్" అని వాడు ఒక్కసారైనా అనలేదు. అదే నన్ను తినేస్తోంది.

ఇప్పుడు ఏటి ఒడ్డున ఆ బోర్డు కిందే నా కాపురం.

నీతి: పేరు దాచుకున్నవాడికి ఇల్లు మిగులుతుంది, చాటుకున్నవాడికి అడ్రసు మిగులుతుంది.