సంపూర్ణ ఆల్బమ్ శ్రవణ సంఘం

ఆదివారం ఉదయం పళ్ళు తోముకుంటూనే ప్లేట్లాయన ఆ రోజు పనులన్నీ ఖరారు చేసుకున్నాడు. వెనక గది దులపాలి, కిటికీ కర్టెన్లు దగ్గరికి లాగాలి, మధ్యాహ్నం భోజనాలయ్యాక సంపూర్ణ ఆల్బమ్ శ్రవణ సంఘాన్ని ప్రారంభించాలి, ఈ వీధికి చెవులు తెప్పించాలి.

ఆయనకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. పాత గ్రామఫోన్ రికార్డులు పోగేస్తాడని వీధివాళ్ళు ప్లేట్లాయన అనేవారు. ఆయన మాత్రం తనను సంగీత విమర్శకుడిగా భావించుకునేవాడు. విమర్శకుడికి కావలసిన మొదటి అర్హత, అంటే ఎదుటివాడి చెవుల మీద చులకన, ఆయనకు దండిగా ఉంది. ఫోన్లో ఒక పాట సగం విని ఇంకో పాట మీదికి గెంతేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. అలాంటివాళ్ళను కూర్చోబెట్టి, నోరు మూయించి, ఆల్బమ్ మొత్తం వినిపించి, ఆపైన చర్చ పెడితేగానీ లోకం బాగుపడదని ఆయన నమ్మకం.

"ఏవండీ, మాట మాటే కదా?" అంది భార్య, పెదాల మధ్యనుంచి గుండుసూదులు తీస్తూ. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. వెనక గది నిండా రికార్డులే కాబట్టి కుట్టుమిషను వంటింటి గుమ్మంలో ఉంటుంది.

"మాటే. నేనేమన్నా పారిపోతున్నానా?"

"ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, కుర్చీలోంచి లేవకుండా ఒక వైపు అయ్యేదాకా ఆల్బమ్ వింటే గది మీదే. లేదంటే రేపే నా మిషను లోపలికి, మీ ప్లేట్లు అటక మీదికి."

"ఒక్కడేమిటే, అందరూ బొమ్మల్లా కూర్చుంటారు, చూస్తూండు."

"బావా, నేనూ వస్తా," అన్నాడు అప్పుడే వచ్చిన బావమరిది. "చీకటి గది, ఫ్యాను గాలి, ఎవరూ మాట్లాడకూడదు. భోంచేశాక ఇంతకంటే మంచి సంఘం ఎక్కడ దొరుకుతుంది?"

"నీకు సంగీతమెందుకురా, పాటకీ పంపు చప్పుడుకీ తేడా తెలీదు!"

"అందుకే కదా నేర్చుకోడానికొస్తున్నా."

మధ్యాహ్నం సభ్యులొచ్చారు. చదువు ఎంత ఎక్కువో పాట అంత తక్కువ విన్న రిటైర్డు ప్రిన్సిపాలు, మాట్లాడకుండా ఉండటం రోగులకే అలవాటు చేసిన పళ్ళ డాక్టరు, పై వాటాలో చంటిపిల్లాణ్ణి అత్తగారికి అప్పజెప్పి వచ్చిన ఆవిడ, వీళ్ళతోపాటు బావమరిది. ప్లేట్లాయన అందరి ఫోన్లూ ఒక డబ్బాలో వేయించి హాల్లో పెట్టించాడు. నియమాలు చదివాడు: కళ్ళు మూసుకోవాలి, మాట్లాడకూడదు, రికార్డును మధ్యలో ఎవరూ ఆపకూడదు. పైగా ఒక ఉపన్యాసం.

"ఈ ఆల్బమ్ మొదట్లో మీకు సంగీతంలా అనిపించకపోవచ్చు. అది మీ చెవుల లోపం. అనుమానపడకండి, లోపలికి వెళ్ళండి."

ముల్లు ఆనించాడు. టక్, టక్, టక్ మని బూట్ల అడుగులు. తర్వాత ఒక తలుపు కిర్రుమంది.

ఇది తను వేయాలనుకున్న ఆల్బమ్ కాదని ప్లేట్లాయనకు అర్థమైంది. బావమరిది అడిగి పట్టుకెళ్ళిన రికార్డులు తిరిగిరావు. అందుకని చాలాకాలం కిందట మంచి రికార్డులన్నీ పనికిమాలిన కవర్లలోకీ, పనికిమాలినవి మంచి కవర్లలోకీ మార్చి పెట్టుకున్నాడు. ఎంత గుట్టుగా మార్చాడంటే చివరికి తనకే గుర్తులేదు. ఇప్పుడు తిరుగుతున్నది నాటకాలవాళ్ళు తెర వెనక వాడుకునే చప్పుళ్ళ రికార్డు. ఆపుదామంటే ఆపకూడదని తనే చదివాడు. ఆపితే గదీ పోతుంది.

"ఆహా," అన్నాడు ప్రిన్సిపాలు, నియమం మరిచి.

ఇంతలో రికార్డులో ఫోను మోగింది. పళ్ళ డాక్టరు చటుక్కున లేచి హాల్లోకి పరుగెత్తాడు. డబ్బాలో ఆయన ఫోను మోగడం లేదు గానీ, చేతిలోకి వచ్చిన ఫోన్ను చూడకుండా ఉండటం ఆయన వల్లయ్యే పని కాదు. చూశాడు, ఎవరికో చేశాడు, మాట్లాడుతూ వీధి మెట్లు దిగిపోయాడు.

తర్వాత చంటిపిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. "అయ్యో నా తండ్రీ!" అంటూ పై వాటా ఆవిడ చీకట్లో బల్లకు తగులుకుని, ప్లేట్లాయన కాలు తొక్కి మరీ వెళ్ళింది. ఆ వెంటనే దబదబా తలుపు కొట్టిన శబ్దం. దగ్గరగా కూర్చున్న ప్రిన్సిపాలు వెళ్ళి వీధి తలుపు తీశాడు. ఎవరూ లేరు.

"ఎవడ్రా తలుపు కొట్టి పారిపోయింది!" అని వసారాలో నిలబడి, ఉద్యోగంలో మిగిలిపోయిన కేకలన్నీ వేశాడు.

భళ్ళున గాజు పగిలింది. భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఏం పగలగొట్టారండీ?"

"ఏమీ లేదు. లోపలికెళ్ళు."

"చెవులారా విన్నాను!"

"అది... అది ఆల్బమ్‌లోదే. లోతుగా వినాలి."

ఆవిడ లోతుగా వినేలోపు అగ్నిప్రమాదపు గంట గణగణ మోగింది. ఆ మోతకు ఇల్లంతా అదిరింది. భార్య ఆయన చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. పై వాటా ఆవిడ పిల్లాడితో, అత్తగారితో సహా దిగింది. పక్కింటివాళ్ళు బీరువా తాళాలతో బయటికొచ్చారు. ప్లేట్లాయన చెబుదామని నోరు తెరిచేసరికే ప్రిన్సిపాలు పళ్ళ డాక్టరు చేతిలోని ఫోను లాక్కుని ఫైరింజన్‌ను పిలిచేశాడు.

నిజం ఫైరింజను వచ్చింది. అధికారి హెల్మెట్ పెట్టుకుని, పైపు పట్టుకున్న మనుషులతో వెనక గదిలోకి దూసుకెళ్ళాడు. వెనకే అందరూ. లోపల మంట లేదు. బావమరిది మాత్రం కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. అధికారి గుమ్మంలో అడుగు పెట్టగానే గదంతా చప్పట్లు మార్మోగాయి. అది రికార్డు మొదటి వైపు ఆఖరి చప్పుడు.

"ఎవరికి ఈ చప్పట్లు?" అన్నాడు అధికారి. "మమ్మల్ని పిలిచిందెవరు?"

ప్లేట్లాయన తల వంచుకున్నాడు. "క్షమించండి. కవరు మారిపోయింది. అవి నాటకాలవాళ్ళ ఉత్త చప్పుళ్ళు. సంగీతం కాదు."

ప్రిన్సిపాలు ముఖం వాడిపోయింది. ఉత్త చప్పుళ్ళకు ఫైరింజన్‌ను పిలిచినవాడిగా ఆయన ఈ వీధిలో బతకాలి. గొంతు సవరించుకున్నాడు. "సంగీతం కాదని ఎవరన్నారు? మనిషిని కుర్చీలోంచి లేపి వీధిలో నిలబెట్టిన సంగీతం ఇంకోటి చూపించండి."

"ఆ ఫోను మోత!" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఎవరూ ఎత్తరు. ఎంత ఒంటరితనం!"

"మావాడు అంత శ్రుతిలో ఎప్పుడూ ఏడవడండీ," అంది పై వాటా ఆవిడ.

అధికారి మంచివాడు. భార్య ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కేసు రాయకుండా, ఈసారి కాస్త నెమ్మదైన పాటలు పెట్టుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సందడికి బావమరిది కళ్ళు తెరిచాడు. "అద్భుతం బావా. నేను కదలనే లేదు."

"నిద్రపోయావు కదరా!"

"కళ్ళు మూసుకోమన్నది నువ్వే కదా."

ప్లేట్లాయనకు ప్రాణం లేచొచ్చింది. "చూశావటే! ఒక్కడు చివరిదాకా కూర్చున్నాడు. గది నాదే."

"కూర్చున్నాడు, కాదనను," అంది భార్య నిదానంగా. "మరి అది సంగీతం కాదని మీరే అన్నారుగా? అసలు ఆల్బమే వేయనప్పుడు వాడు విన్నదేమిటి? మిషను సాయంత్రమే లోపలికి తెచ్చుకోనా?"

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. ప్లేట్లాయన అరల్లోని తన రికార్డుల వంక చూశాడు, అటక వంక చూశాడు. అటక మీద ఎండాకాలం ఎంత వేడి ఉంటుందో, ఆ వేడికి రికార్డులు అప్పడాల్లా ఎలా వంకరపోతాయో ఆయనకు తెలుసు.

"సంగీతమే," అన్నాడు గొణుగుతూ.

"కాస్త గట్టిగా చెప్పండి, వెనకవాళ్ళకు వినపడాలి," అన్నాడు ప్రిన్సిపాలు.

"సంగీతమేనండీ! గొప్ప సంగీతం!"

భార్య ఆయన తొక్కుడుపడ్డ కాలికి తడిగుడ్డ తెచ్చి చుట్టి, వంటింటి గుమ్మంలోని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆపైన చర్చ చీకటి పడేదాకా సాగింది. మొత్తం విన్నవాడు ఒక్కడే కాబట్టి బావమరిదిని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఇంత లోతైన ఆల్బమ్‌ను సగంలో వదలకూడదని, వచ్చేవారం రెండో వైపు వినాలని తీర్మానించారు. రెండో వైపు మొత్తం కప్పల అరుపులే. వాటి గొప్పతనం మీద ప్రారంభోపన్యాసం ప్లేట్లాయనది.