ఏమీ పెట్టుకోకండి, ఊరికే చూసి వెళ్తాం

గోదావరి జిల్లాల పర్యాటక ప్రగతిలో ఒక మహత్తర ఘట్టం మొన్న మార్చిలో, ఒక శనివారం ఉదయం, రాజమండ్రిలో ప్రారంభమైంది. వ్యాను తలుపు పడకపోతే తాడుతో కట్టి మరీ ప్రారంభించారు. వ్యానుకు తగిలించిన బ్యానరు మీద ‘చారిత్రక పట్టణాలు, స్థానిక రుచులు, ద్రాక్షాసవం. ఒక్కరోజు యాత్ర. కొద్దిమందికి మాత్రమే’ అని రాసి ఉంది. కొద్దిమందికే ఎందుకంటే, అంతకు మించితే ఆ వ్యాను కదలదు.

ఈ యాత్రకు కర్త, క్రియ, కండక్టరు అన్నీ రాజ్ కుమారే. అతను మొన్నమొన్నటి దాకా ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. చరిత్ర చదివితే ఉద్యోగాలు రావని పిల్లలు ఆ గ్రూపులో చేరడం మానేశారు. పిల్లలు లేరని కాలేజీవారు గ్రూపు ఎత్తేశారు. దాంతో చరిత్ర చదివిన రాజ్ కుమార్‌కు ఉద్యోగం పోయి, పిల్లలు చెప్పిందే నిజమని శాస్త్రీయంగా రుజువైంది.

అప్పటినుంచి అతని మామగారు విజయ్ పాల్ గారు అల్లుడి కోసం తన టెంట్‌హౌస్‌లో ఒక పదవి ఖాళీగా ఉంచారు. పెళ్ళిళ్ళకు వెళ్ళిన కుర్చీలు తిరిగొచ్చాక లెక్కపెట్టుకునే పదవి అది. నర్సుగా పనిచేస్తున్న భార్య ఆశాజ్యోతి మాత్రం, “ఈ ఒక్క యాత్రా చేసి చూడండి. పర్యాటక శాఖవాళ్ళు గుర్తింపిచ్చారా, సరే. లేదంటే సోమవారం నుంచి మా నాన్నగారి కుర్చీలే” అంది. గుర్తింపు ఇవ్వాలో వద్దో తేల్చడానికి పర్యాటక శాఖ తరఫున నాగేశ్వరప్రసాద్ గారనే పరిశీలకుడు యాత్రికులతోపాటు వ్యానులో కూర్చున్నారు. ఆయన ముందు సీటు అడిగారు. అధికారులకు చరిత్ర ముందునుంచే కనిపించాలి కాబట్టి ఇచ్చారు.

గుర్తింపు సంగతి అలా ఉంచితే, రాజ్ కుమార్ మనసులో ఇంకో కోరిక ఉంది. పాలకొల్లు క్షీరారామం గోపురం మీద అతను ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. భార్యకు వినిపిస్తే నైట్ డ్యూటీ ఉందని వెళ్ళిపోయింది. బావమరిదికి వినిపిస్తే డబ్బులేమైనా కావాలా అని అడిగాడు. గోపురం కింద నిలబడి, తల పైకెత్తి చూస్తున్న పదిమందికి ఆ ముక్కలు చెప్పాలని అతనికి ప్రాణం కొట్టుకుపోతోంది. చెప్తుంటే ఒక్కడైనా “ఆహా” అంటాడని ఆశ.

ఇంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసుకున్నవాడు ఒక్క పొరపాటు చేశాడు. దారిలో ఉన్న అయినవాళ్ళకు ఫోన్లు చేశాడు. చేయకపోతే ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మన ఊరు మీదుగా వెళ్తూ మన గుమ్మం తొక్కలేదన్న మాట ఆ ఇంట్లో మనవల పెళ్ళిళ్ళ దాకా వినిపిస్తూనే ఉంటుంది. అందుకని అందరికీ, “ఇలా మీ ఊరు వస్తున్నామండి. ఏమీ పెట్టుకోకండి, ఊరికే చూసి వెళ్తాం” అని చెప్పాడు. మామూలు మనుషులు ఈ మాటకు ఏమీ పెట్టుకోరు. ఉభయ గోదావరి జిల్లాల్లో ఈ మాట వినగానే పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కుతుంది.

మొదటి మజిలీ కోరుకొండ. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి, కొండ కింద కిరాణా కొట్టువారి అన్నపూర్ణమ్మ గారు. ఆవిడ కొడుకు రాజ్ కుమార్ దగ్గర చదువుకుని, చరిత్ర తప్పి, వ్యాపారంలో బాగుపడ్డాడు. ఆ కృతజ్ఞత కొద్దీ ఆవిడ వీధిలోకే ఎదురొచ్చి వ్యాను ఆపారు.

“ముందు కొండెక్కి వస్తామండి, పిన్నిగారూ” అన్నాడు రాజ్ కుమార్.

“కొండెక్కడికి పోద్దయ్యా? పెసరట్టు చల్లారిపోద్ది గానీ, కూర్చోండి.”

చరిత్రకారుడు చెప్పులు విప్పాడు. ఇడ్లీతో మొదలై, పెసరట్టు ఉప్మా మీదుగా గారెల్లోకి వెళ్ళారు. యాత్రికుల్లో శివరామకృష్ణ అని హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఉన్నాడు. ద్రాక్షాసవాన్ని రుచి చూడటంలో సర్టిఫికెట్టు కోర్సు చేసినవాడు. పాపం అతనికి ఈ ప్రాంతపు మర్యాద నియమావళి తెలియదు. మూడో పెసరట్టు దగ్గర “చాలండి” అన్నాడు. నియమావళి ప్రకారం మొదటి ‘చాలు’ మర్యాద కోసం అన్నట్టు, రెండోది మొహమాటం, మూడోది అలక. అలిగినవాళ్ళను బతిమాలి పెట్టాలి. ఆ విధంగా మూడూ దాటేసరికి అతను వేరే దారిలేక విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అన్నపూర్ణమ్మ గారు ఆ చేతుల మీదే పెసరట్టు వేశారు.

తర్వాత కొండ ఎక్కుదామని లేచారు. లేవడం వరకు జరిగింది. నాగేశ్వరప్రసాద్ గారు అరుగు మీద జారగిలబడి కొండను ఆపాదమస్తకం పరిశీలించి, “ఇక్కడినుంచే మొత్తం కనబడుతోంది కదండీ. ఎక్కితే అంత కనబడదు” అని తీర్పిచ్చారు. అందరూ ఆయన దూరదృష్టిని మెచ్చుకున్నారు.

రెండో మజిలీ ధవళేశ్వరం బ్యారేజి. ఇక్కడ రాజ్ కుమార్‌కు చుట్టాలెవరూ లేరు, కాబట్టి ఇక్కడైనా నదిని చూపిద్దామని ధైర్యంగా ఉన్నాడు. తీరా వెళ్ళేసరికి రోడ్డు పక్కన షామియానా వేసి ఉంది. కింద ఎర్ర తివాచీ, బల్లలు, గౌన్లు తొడిగిన కుర్చీలు. మధ్యలో విజయ్ పాల్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఏంటండి అల్లుడుగారూ, ఊళ్ళో అందరికీ ఫోన్లు చేశారంట. మేం కానివాళ్ళమైపోయామా?”

“అది కాదండి మావయ్యగారూ, మీరు బిజీగా ఉంటారని...”

“ఆయ్, బిజీగానే ఉన్నానండి. తెల్లారగట్ట నుంచీ వంటలతో బిజీ!”

అందరూ కూర్చున్నాక ఆయన అద్దె మైకు అందుకుని ప్రసంగించారు. “సభకు నమస్కారం! మా అల్లుడుగారు చరిత్ర చదువుకున్నారు. అయినా మేం పిల్లనిచ్చాం. ఎందుకంటే మా వంశంలో పెద్దమనసు ఉంది. ఈ గోదావరికి అడ్డంగా ఈ ఆనకట్ట కట్టారంటే ఎందుకూ? పొలాలు పండాలి, మనం తినాలి. కాబట్టి తినకుండా దీన్ని చూడటమంటే, కట్టినవాళ్ళను అవమానించడం! జై గోదావరి!” ఇంతకంటే క్లుప్తంగా బ్యారేజి చరిత్రను ఎవరూ చెప్పలేదని నాగేశ్వరప్రసాద్ గారు చప్పట్లు కొట్టారు.

పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, కొరమీను పులుసు, కోడి వేపుడు వచ్చాయి. శాకాహారులకు అన్యాయం జరగకూడదని గుత్తివంకాయ కూడా వచ్చింది, అది మాంసాహారులకూ వడ్డించారు. గోదావరి గాలికి విస్తళ్ళు లేచిపోతున్నాయని మామగారు నదివైపు పరదా కట్టించారు. మంచి పరదా. దాని మీద స్విట్జర్లాండులో ఎక్కడిదో ఒక జలపాతం బొమ్మ ఉంది. యాత్రికులందరూ గోదావరికి వీపు పెట్టి, ఆ జలపాతం ముందు నిలబడి ఫోటోలు దిగారు. “వ్యూ చాలా బాగుందండి” అన్నాడు శివరామకృష్ణ. రాజ్ కుమార్ పరదా ఒక కొస ఎత్తి నదిని చూపించబోతే, “పులుసులో దుమ్ము పడుద్దండి, దించెయ్యండి” అన్నారు మామగారు. దించేశాడు.

మూడో మజిలీ రావులపాలెంలో దేవకుమారి గారిల్లు. రాజ్ కుమార్‌కు పెద్దమ్మ. బ్యానరు మీద రాసిన స్థానిక ద్రాక్షాసవం ఆవిడ పెట్టిందే. డెల్టాలో ద్రాక్ష పండదు కదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. ద్రాక్ష లారీలో వచ్చింది. జాడీ మాత్రం స్థానికం. అందులో పోయిన ఏడాది ఆవకాయ ఉండేది కాబట్టి రుచి కూడా కొంత స్థానికం.

“ఇందులో మత్తుంటుందాండి?” అని నాగేశ్వరప్రసాద్ గారు అధికార హోదాలో అడిగారు.

“మత్తేంటండి బాబూ! చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటుని నేను. క్రిస్మస్‌కి పెట్టిన ద్రాక్షరసమండి ఇది. మత్తు ఉండదు. నిద్రొస్తదంతే.”

శివరామకృష్ణకు ఇన్నాళ్ళకు తన చదువు ఉపయోగపడే అవకాశం వచ్చింది. స్టీలు గ్లాసును వేళ్ళతో పట్టుకుని గుండ్రంగా తిప్పాడు. “ఈగ పడిందా బాబూ?” అన్నారు దేవకుమారి గారు. అతను కళ్ళు మూసుకుని వాసన చూశాడు. “గ్లాసు కడిగిందేనండి” అన్నారావిడ. ఒక గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, కోర్సులో నేర్పినట్టుగా పక్కనున్న కనకాంబరం కుండీలో ఉమ్మేశాడు.

ఆతిథ్యమిచ్చిన ఇంట్లో నోట్లోది ఉమ్మినవాణ్ణి ఆ వీధి అంతకు ముందు చూడలేదు. దేవకుమారి గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నచ్చలేదా నాయనా? నా చేతి ముద్ద ఎవరూ వద్దన్లేదు ఇంతవరకూ” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజ్ కుమార్ కంగారుగా అతని చెవిలో ఏదో చెప్పాడు. శివరామకృష్ణ ప్రాయశ్చిత్తంగా ఒక చెంబెడు తాగాడు. మిగతావాళ్ళు తమ మీదకు కూడా ఏడుపు రాకూడదని ముందు జాగ్రత్తగా తలో రెండు గ్లాసులు తాగారు. నాగేశ్వరప్రసాద్ గారు పరిశీలన సమగ్రంగా ఉండాలని జాడీ అడుగుదాకా పరిశీలించారు. అప్పటికిగాని దేవకుమారి గారు తేరుకుని, పూతరేకులు పట్టుకురాలేదు.

ఇక మిగిలింది పాలకొల్లు. ఇక్కడ రాజ్ కుమార్ గుండె రాయి చేసుకుని ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇద్దరు మేనత్తలు, ఒక బాల్యస్నేహితుడు ఉన్న ఊరు. జీవితకాలం మాటపడటానికి సిద్ధపడి, వ్యానును తిన్నగా గుడి ముందుకే తీసుకెళ్ళాడు. సాయంకాలపు ఎండ గోపురం పైన పడి మెరుస్తోంది. అతను వ్యాను దిగి, చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, తాడు విప్పి తలుపు తీశాడు.

“మిత్రులారా! ఒక్కసారి తల పైకెత్తండి...”

వ్యానులో తలలన్నీ అప్పటికే పైకెత్తే ఉన్నాయి, నోళ్ళు తెరుచుకుని. దేవకుమారి గారు అబద్ధమాడలేదు, మత్తు లేదు. నాగేశ్వరప్రసాద్ గారి గురక మిగతావారి గురకకు శ్రుతి అందిస్తోంది. రాజ్ కుమార్ గట్టిగా పిలిచాడు, భుజాలు కుదిపాడు, హారన్ కొట్టాడు. ఒకాయన కళ్ళు తెరవకుండానే “చాలండి, పొట్టలో ఖాళీ లేదు” అన్నాడు. రాజ్ కుమార్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. గోపురం వైపు తిరిగి రెండు వాక్యాలు మెల్లగా చెప్పుకున్నాడు. గోపురం మర్యాదగానే వింది గాని, తన గురించి తనకు తెలిసిందే కాబట్టి “ఆహా” అనలేదు. తలుపుకు మళ్ళీ తాడు కట్టి, కుర్చీలు లెక్కపెట్టడానికి మానసికంగా సిద్ధమవుతూ రాజమండ్రి తిరిగొచ్చాడు.

అన్నట్టే సోమవారం నుంచి కుర్చీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కానీ పది రోజుల్లో పర్యాటక శాఖ నుంచి గుర్తింపు వచ్చేసింది! పరిశీలకుల వారి నివేదిక ఇలా ఉంది: “కోరుకొండ: అత్యుత్తమం, అల్లం పచ్చడి విశేషంగా ఉన్నది. ధవళేశ్వరం: చారిత్రక ప్రాధాన్యం గల రొయ్యల ఇగురు. రావులపాలెం: ప్రశాంతం. పాలకొల్లు: ఇచట తీవ్రమైన లోపం గమనించడమైనది. కనీసం కాఫీ కూడా ఇవ్వలేదు. ఒక గోపురం తప్ప ఏమీ లేదు. యాత్ర నుంచి ఈ మజిలీని తొలగించు షరతు మీద గుర్తింపు మంజూరు చేయడమైనది.”

గుర్తింపు పత్రం ఇచ్చే సభకు షామియానా విజయ్ పాల్ గారిదే. నాగేశ్వరప్రసాద్ గారు మాట్లాడుతూ, మన వారసత్వాన్ని ప్రజల రక్తంలో కలిపిన ఘనత రాజ్ కుమార్ గారిదేనని, వైద్యులు కూడా రక్తపరీక్షల్లో ఈ విషయం ధ్రువీకరిస్తున్నారని అన్నారు. రావడం ఇష్టం లేకపోయినా శివరామకృష్ణ కూడా వచ్చాడు, దేవకుమారి గారు ఫోన్ చేసి ఏడ్చారట. చివరికి రాజ్ కుమార్‌ను మాట్లాడమన్నారు.

ఎదురుగా నిండు సభ. ఒక్కడు కూడా నిద్రపోవడం లేదు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని అతను షరతును పక్కనపెట్టి, “పాలకొల్లు గోపురం గురించి మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను” అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో, “భోజనాలు సిద్ధమండీ! అందరూ రావాలి!” అని కేకేశారు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడులో అతని మొదటి వాక్యం కొట్టుకుపోయింది. రెండో వాక్యం వినడానికి మైకువాడు కూడా లేడు. రాజ్ కుమార్ ఖాళీ కుర్చీల వంక కాసేపు చూశాడు. అలవాటుగా లెక్కపెట్టబోయి మానుకున్నాడు. ఈలోగా గాలి అటునుంచి ఇటు తిరిగి, ఇంగువ తిరగమోత వాసన మోసుకొచ్చింది. అతనూ డెల్టాలో పుట్టినవాడే. వెళ్ళి బంతిలో కూర్చున్నాడు.

ఆనాటి జనాన్ని చూసి నవ్వుకోవడానికి మనకు పెద్ద హక్కేమీ లేదు. ఇంతసేపూ ఓపిగ్గా చదివిన పాఠకులకు ఒక విన్నపం. ఆ గోపురాన్ని ఎవరు కట్టించారో, దాని కథేమిటో, రాజ్ కుమార్ చెప్పాలనుకున్న ఆ తెలియని సంగతేమిటో ఇందులో ఎక్కడా రాయలేదు. మీలో ఎవరూ అడగనూ లేదు. అదే, బ్యారేజి దగ్గర వడ్డించిన కూరలేమిటో రాయకుండా వదిలేసి ఉంటే, ఈపాటికి ఎన్ని ఫోన్లు వచ్చి ఉండేవో!