దుషెస్ వీపుపై దండయాత్ర

స్వస్తి! సూర్యభగవానుడు మిథునరాశిలో అడుగుపెట్టి తన కిరణసహస్రమును ద్రాక్షతోటలపై బంగారుపూతగా ధారవోయుచుండగా, లువార్ మహానదికి ముద్దుచెల్లెలైన షేర్ నది ఒడ్డున, అరక్రోసు కొక కోటయు కోట కొక వంద పొగగొట్టములును గలిగి, రాజులు పోయినను రాజసము పోని తూరేన్ సీమలో, గంట పన్నెండున్నర కొట్టిన శుభముహూర్తమున, ఒక పశువుల బీడు గేటు నొద్ద, చరిత్రకారు లెవ్వరును ఎరుగని యొక మహాసంగ్రామము మొదలయ్యెను.

ఆ సంగ్రామమునకు నాయిక బెరాంజేర్. తూర్ నగరపు బడిలో భూగోళము చెప్పు పంతులమ్మ. పెండ్లియై పదునొకండు దినములు. ఎత్తు నూట యేబదిరెండు సెంటీమీటర్లు, అదియును బూట్లతో గలిపి. పెండ్లి ఫోటోలో పూలగౌను కింద ఆమె నిలిచినది సీసాల చెక్కపెట్టెపై అనెడి రహస్యము, ఆ పెట్టెను మోసితెచ్చిన భర్త కొరాంతాన్‌కు మాత్రమే తెలియును. అతడు ఒడ్డున పెరిగిన పోప్లరు చెట్టువలె సన్నగా, పొడవుగా, గాలి వచ్చినపుడెల్ల నవ్వుచుండువాడు.

ఇక ఆమెకు ప్రత్యర్థి దుషెస్. బరువుబండ్లు లాగిన వంశమున బుట్టిన బూడిదరంగు ఆడగుర్రము. భుజము నొద్దనే నూట అరువదియెనిమిది సెంటీమీటర్లు. బురుజులవంటి పిరుదులు, కందకమువలె దాటనీయని పక్కలు, పన్ను వసూలుకు వచ్చినవానిని మేడపైనుండి చూచు దొరసాని చూపు.

గుర్రములపై కోటలు చూచు ఆ ఆరుదినముల యాత్రకు శాసనకర్త్రి మదాం ఓడెట్. అరువదేండ్ల ఆ దారిచూపరి చుట్టలు చుట్టుకొనును, గుర్రములతో మాటలాడును, మనుష్యులకు శాసనములు చేయును. ఆమె మొదటి శాసనము: దారిలో దిగినవారు ఎవరి సాయమును లేక తమ గుర్రమును తామే యెక్కినచో వరుసలో ముందు నడువవచ్చును, ఇతరుల చేయి పట్టినచో కట్టకడపట, సామానుల గాడిద వెనుక నడువవలెను. రెండవ శాసనము: పశువుల బీడు గేటు దాటినపుడెల్ల కట్టకడపటివారే దిగి గేటు మూయవలెను.

చదువరులారా, ఈ రెండు శాసనముల నడుమ చిక్కినవారికి మోక్షమున్నదేమో చూడుడు. మొదటిదినము బెరాంజేర్ ఒక పువ్వు కోయుటకై దిగెను, భర్త చేతిపై కాలుపెట్టి యెక్కెను, తోకకు చేరెను. తోకకు చేరినది గనుక గేటు మూయుటకు దిగెను. దిగినది గనుక ఎక్కలేకపోయెను. ఎక్కలేక పోయినది గనుక తోకలోనే యుండెను. ఇట్లు ఐదు దినములు, పదునేడు గేట్లు. కొత్తపెండ్లికూతురు తన భర్తను పగటివేళ చూచుట గాడిద చెవుల సందునుండి మాత్రమే, అదియును వీపుభాగము.

నేడు కడపటి దినము. ఈ గేటు కడపటి గేటు. దీని కవతలి బీడు దాటగానే నిమ్మపూల వాసనను బోలు వాసన వెదజల్లు తియ్యెల్ చెట్ల బాట రెండు వరుసలుగా సాగి మోర్వాల్ కోట ముంగిటికి చేరును. ఆ బాటను భర్త పక్కన, గుర్రము పక్క గుర్రముగా, పరుగున దాటుట కొరకే ఆమె ఈ యాత్రను పట్టుబట్టి కుదిర్చినది. గేటు మూసి, గొలుసు తగిలించి, ఆమె దుషెస్ వైపు తిరిగెను. దుషెస్ గడ్డివైపు తిరిగెను.

కొరాంతాన్ తన గుర్రమును వెనుకకు నడిపించుకొని వచ్చి గొంతు తగ్గించెను.

"రా, పిచ్చుకా. నా చేతి మీద కాలు పెట్టు. ఎవరూ చూడట్లేదు."

"ఓడెట్ చూస్తోంది."

"ఆవిడ చుట్ట చూసుకుంటోంది."

"కొరాంతాన్, ఇవాళ నువ్వు నన్ను ముట్టుకున్నావంటే రాత్రికి నీ పక్క గాడిద దగ్గరే వేయిస్తాను."

ఆ వీరపత్ని పలుకు విని అతడు చేతులు రెండును జేబులలో దాచుకొనెను.

మొదటి ముట్టడి ఇట్లు జరిగెను. రికాబు ఆమె రొమ్ము నొద్ద వ్రేలాడుచుండెను. దాని తోలుపట్టీని ఆరు రంధ్రములు దించి, ఎడమకాలిని ఆకాశమార్గమున పంపి, బూటుమునను అందులో దూర్చి, ఆమె జయించితి ననుకొనునంతలో, దుషెస్‌కు పదడుగుల దూరమున ఇంకను పచ్చని గడ్డి కనబడెను. గుర్రము నడచెను. ఒక కాలు రికాబులో, ఒక కాలు పుడమిపై, ఒంటికాలి గెంతులతో, పేడకుప్పల ద్వీపసమూహమును తప్పించుకొనుచు, నమలుట మాని నిశ్చేష్టలైన పదునాలుగు ఆవుల సమక్షమున, బెరాంజేర్ ఆ బీడును సగము చుట్టివచ్చెను. పదునైదవ ఆవు మాత్రము నమలుచునే యుండెను.

అంతట యాత్రికులలో ఒకరైన మెస్యే అన్సెల్మ్ తన గడియారము చూచుకొనిరి. ఆయన నలువదియొక్క యేండ్లు దస్తావేజులు వ్రాసి విశ్రాంతి గొన్న నోటరీ. కోట పక్కనున్న భోజనశాలలో వెన్నసాస్‌తో వడ్డించు నదిచేపను మూడు దినములుగా తలచుకొనుచు నోరూరించుకొనుచున్నవారు. ఆ భోజనశాలలో ఒంటిగంటన్నరకు పొయ్యి ఆర్పుదురు. ఆపైన చక్రవర్తి వచ్చినను కత్తి, ముల్లుగరిటె ముట్టనీయరు.

"అమ్మా బెరాంజేర్, పన్నెండూ యాభై అయింది," అనిరి. "తొందరపెట్టడం లేదు. సమాచారం ఇస్తున్నాను."

ఆమె వారిని ముందు పొమ్మని వేడుకొనెను. గుంపు విడిపోరాదన్నది మూడవ శాసనమని ఓడెట్ పొగ నడుమనుండి తెలిపెను. నోటరీగారు నిట్టూర్చిరి. ఆ నిట్టూర్పులో చేప యొకటి ఈదిపోయినట్లుండెను.

రెండవ ముట్టడి మరింత ఘోరము. ఈసారి బెరాంజేర్ జూలు పట్టుకొని, పండ్లు బిగించి, కడుపు జీనుకు ఆనునంత యెత్తునకు ఎగబ్రాకెను. కాని జీను బిగించునపుడు ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బించుట, బిగించిన పిదప వదలుట గుర్రముల కులవిద్య. దుషెస్ ఆ విద్యలో ఆచార్యురాలు. కడుపుపట్టీ వదులై, జీను మెల్లగా, మిగుల మర్యాదగా, పక్కకు జారి, పొట్ట కిందికి చేరెను. దానితోపాటు నాయికయు చేరెను. కింద పడుకొని ఆమె చూడగా, పైన బూడిదరంగు ఆకాశమొకటి ప్రశాంతముగా జీర్ణించుకొనుచుండెను.

లేచి, గడ్డి దులుపుకొని, జీనును మరల పైకెక్కించి, ఆమె గుర్రము చెవినొద్ద నిలిచి ప్రసంగించెను.

"ఇదిగో దుషెస్, బాగా విను. నేను ముప్పై మంది పిల్లలకి ఆల్ప్స్ పర్వతాలు బోర్డు మీద గీసి చూపిస్తాను. ఏ కొండ ఎంత ఎత్తో నాకు తెలుసు. నువ్వు ఆ జాబితాలో లేవు. నువ్వు కొండవి కాదు, మహా అయితే దిబ్బవి. నాకు ఆ ముందున్న పొడుగాటి మనిషి కావాలి, ఒక్క కిలోమీటరు దూరం, అంతే. నీకేం కావాలో నువ్వు చెప్పు."

దుషెస్ చెప్పలేదు గాని చూపెను. మెడను చాచి, బీడు అంచున, మోకాలిలోతు కాలువవంటి పల్లమున, తేనెటీగలతో గుంయిమను గులాబిరంగు గడ్డిపూల వైపు తలయూపెను.

అప్పుడు భూగోళశాస్త్రము మేల్కొనెను. కొండ యెత్తు తగ్గదు, నిజమే. కాని కొండ నిలుచు నేల తగ్గవచ్చును గదా! బెరాంజేర్ లాగలేదు, అరవలేదు. పగ్గము వదులుచేసి, ఎటో చూచుచు ఈల వేసెను. దుషెస్ పల్లములోనికి తానుగా దిగి మేయసాగెను. మేయువేళ ఊపిరి బిగబట్టుట ఎంతటి ఆచార్యురాలికైనను కుదరదు గనుక, నాయిక గట్టుపైనుండి వంగి కడుపుపట్టీని రెండు రంధ్రములు బిగించెను. గట్టుపై నిలిచిన ఆమెకు రికాబిప్పుడు మోకాలి యెత్తున వ్రేలాడుచుండెను.

ఓడెట్ చుట్ట నోటినుండి తీసెను. ఆవులు దగ్గరకు జరిగెను. బెరాంజేర్ కన్నులు మూసికొని, ఎడమకాలు ముందు, ఎడమకాలు ముందు అని వల్లించుకొనుచుండగా, ఆ కనుమూసిన క్షణముననే, మంచి పూలు అవతలి వైపున్నవని తోచి, దుషెస్ పల్లములో వెనుదిరిగెను. ఇప్పుడు గట్టువైపున్నది గుర్రపు కుడిపక్క. నాయిక కన్నులు తెరువక, కుడిపక్క రికాబులో ఎడమకాలు పెట్టి, ఆడసింహమువలె లంఘించెను.

జీనుపై పడెను. గట్టిగా పడెను. కూర్చుండెను. కన్నులు తెరిచెను. ఎదుట తోక యుండెను.

కొరాంతాన్ టోపీని ముఖముపైకి లాగికొనెను. అతని భుజములు మాత్రము కదలుచుండెను.

"అది ఎక్కడం కాదు," అనెను ఓడెట్.

ఆ మాటకు మెస్యే అన్సెల్మ్ జీనుపై నిటారుగా కూర్చుండిరి. విశ్రాంతిలోనున్న నలువదియొక్క యేండ్ల ధర్మశాస్త్రము ఆయన కంఠమున లేచి నిలిచెను.

"క్షమించాలి మదాం. 'ఎవరి సాయమూ లేకుండా తమ గుర్రం తామే ఎక్కాలి', ఇవీ మీ మాటలు. మొహం ఎటుండాలో మీరు చెప్పలేదు. చెప్పని షరతు ఇప్పుడు చేర్చడం కుదరదు. గుర్రం ఆవిడదే. సాయం ఎవరూ చేయలేదు, గుర్రంతో సహా."

ఓడెట్ పొగ వదలెను. "అయితే కోటకి తోక చూసుకుంటూ వెళ్తావా పిల్లా?"

"పక్కన మా ఆయన ఉంటే చాలు," అనెను బెరాంజేర్. "ఎటు చూసుకుంటూ వెళ్తే ఏముంది."

ఆ జవాబు విని ఓడెట్ మొదటిసారిగా నవ్వెను. ముందుకు పొమ్మని చుట్టతో సైగచేసెను. బెరాంజేర్ ఒక కాలిని ఇటు, ఒక కాలిని అటు తెచ్చుకొని, జీనుపై సగము భూప్రదక్షిణము గావించి, ముఖమును ముఖముండవలసిన దిక్కునకు చేర్చుకొనెను. గాడిదను దాటెను. నోటరీగారిని దాటెను. భర్త పక్కకు చేరెను.

పిమ్మట తియ్యెల్ చెట్ల నీడలో రెండు గుర్రములు జంటగా పరుగెత్తెను. ఆమె ఏదో చెప్పెను, గాలికి అతనికి వినబడలేదు. అతడు ఏదో అడిగెను, నవ్వున ఆమెకు అర్థము కాలేదు. ఇద్దరును అవునవునని తలయూపిరి. చెట్ల బాట చివర మోర్వాల్ కోట తెల్లరాతి బురుజులతో, నల్లరాతి కప్పులతో, కందకములోని తన నీడతో సహా లేచి నిలిచెను.

భోజనశాల చేరునప్పటికి ఒంటిగంట ముప్పదిరెండు నిమిషములు. పొయ్యి ఆరెను. రొట్టె, చల్లని పందిమాంసపు ముద్ద, మేకపాల జున్ను మాత్రము దొరకెను. మెస్యే అన్సెల్మ్ రొట్టెముక్కను ఇటునటు త్రిప్పి చూచి, "నా వృత్తిలో ఇంత ఖరీదైన తీర్పు ఎన్నడూ చెప్పలేదు," అని, గ్లాసు నెత్తి త్రాగి, మరల నింపుమని చాచిరి.

కావున సకలజనులకు తెలియజేయునది యేమన: మిథునమాసపు ఆ శుభదినమున, తూరేన్ సీమలో, నూట యేబదిరెండు సెంటీమీటర్ల బెరాంజేర్, నూట అరువదియెనిమిది సెంటీమీటర్ల దుషెస్‌ను, ఒక పల్లము తోడుగా, ఒక పర్యాయము, చాలవరకు సరియైన దిక్కున అధిరోహించి, ఒక కిలోమీటరు పర్యంతము తన భర్త ముఖమును పట్టపగలు చూచెను. ఈ విజయగాథను విన్నవారికి రికాబులు రెండంగుళములు కిందికి దిగును; చదివినవారికి గుర్రములు కదలక నిలుచును; కొత్తగా పెండ్లియై పక్కవారికి చదివి వినిపించినవారికి సగములోనే నవ్వు వచ్చి, మిగిలిన సగము చదువ నవసరమే లేకపోవును.