కదలొద్దని అరిచిన మనిషి

ఆ ఉదయం ఎవరిమీదా కోప్పడకూడదని గోబ్రోన్ గట్టిగా అనుకున్నాడు. కాఫీ చల్లారిందని తెలిసేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

ట్రోయ్ నగరంలో అతనిది టోపీల దుకాణం. ఎదురుగా పెటార్‌దీ టోపీల దుకాణమే. అదే గోబ్రోన్ కడుపుమంట. పారిస్‌లోని పెద్ద వర్తకుడొకాయన తన సరుకును ఈ ఊళ్లో ఒక్క దుకాణానికే ఇస్తానన్నాడు. అది పెటార్‌కు దక్కితే గోబ్రోన్ తలుపులు మూసుకోవలసిందే. అందుకే కిటకిటలాడే తన దుకాణాన్ని, గుమ్మంలో దర్జాగా నిలబడ్డ తనను, కొత్తగా వచ్చిన ఫొటోలోకి దించి పారిస్ పంపాలని పథకం వేశాడు. ఊరికే వైన్ పోస్తాననగానే వీధి వీధంతా వచ్చి నిలబడింది.

"నేను ఈ ఫొటో పెట్టె మూత తీసింది మొదలు మళ్లీ పెట్టేదాకా కదలకండి. కదిలినవాళ్లు బొమ్మలో పడరు," అన్నాడు ఫొటోలు తీసే తిబో.

"విన్నారుగా! కదిలితే ఊరుకోను!" అని గోబ్రోన్ అందరినీ ఉరిమి చూశాడు.

తిబో మూత తీశాడు. రొట్టెల కొట్టు ఆవిడ ముక్కు గోక్కోబోయింది. గోబ్రోన్ భగ్గుమని గుమ్మం దిగి ఆమె మీదికి ఉరికాడు.

"చెయ్యి దించవమ్మా! నీ ముక్కు దురదకి నా కొంప ముంచుతావా?"

అటు మంగలి ఇకిలించాడు. గోబ్రోన్ అటు పరుగెత్తాడు. "పళ్లు రాలగొడతా!"

భార్య ఓదీల్ పెదవి కదపకుండా గొణిగింది. "ఏమండీ, ముందు మీరు నిలబడండి."

"నువ్వు నోరు ముయ్యి!"

ఆ అరుపులకు జనం కొయ్యబారిపోయారు. తమాషా చూడ్డానికి వచ్చిన పెటార్, గోబ్రోన్ వెనకాల ఖాళీగా ఉన్న గుమ్మమెక్కి, చేతులు కట్టుకుని, కదలకుండా చూస్తూ నిలబడ్డాడు.

తిబో మూత పెట్టి, లోపలికి వెళ్లి వెండి రేకు మీద బొమ్మ తేల్చి తెచ్చాడు. "అయ్యా, ఒక్కసారి చూడండి. ఇందులో మీరు..."

"అవతల పారిస్ బండి వెళ్లిపోతోంది! చీటీ రాసే తీరిక కూడా లేదు, కబుర్లాపి కట్టివ్వు!"

పై వారం పారిస్ వర్తకుడు రేకు పట్టుకుని బండి దిగాడు. చేతులు చాచి ఎదురొచ్చిన గోబ్రోన్‌ను తప్పుకుని, అవతలి గుమ్మంలో ఉన్న పెటార్‌ను కావలించుకున్నాడు.

"బోర్డు మీది పేరు అద్దంలోలా తిరగబడి పడింది, చదవలేకపోయాను. ముఖం మాత్రం ఇదే! అంత గిరాకీలోనూ ఏం నిదానమండీ! సరుకు మీకే."

"ఆ గిరాకీ నాది! ఆ గుమ్మం నాది!" గోబ్రోన్ వీధిలో చిందులు తొక్కాడు.

వర్తకుడు రేకును వెలుగులోకి తిప్పాడు. "వీధంతా ఉంది. మీరేరీ?"

గోబ్రోన్ ఒళ్లు మండిపోయింది. "ఓదీల్! నేనెవరో చెప్పవే!"

ఓదీల్ ఫొటోలో ఉన్నట్టే నిలబడింది, పెదవి కదపకుండా.