మెట్ల కింద గదికి నలభై మంది

సోమవారం ఉదయానికి షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: గడియారాల మరమ్మతు క్లబ్బు ఒకటి, అందులో సభ్యులు ముగ్గురు, మెట్ల కింద చిన్న గది, దాని తాళంచెవి. కావలసింది ఇంకో తొమ్మిది మంది. గడువు శుక్రవారం.

షావుకారు పదో తరగతి అమ్మాయి. రబ్బరు ముక్క అరువిచ్చినా వెనక్కి తీసుకునేటప్పుడు అరిగిందేమోనని చూస్తుంది కాబట్టి క్లాసువాళ్ళు ఆ పేరు పెట్టారు. పన్నెండు మందికి తక్కువైన క్లబ్బును మూసేసి గది తీసుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ నోటీసు పెట్టారు. ఆ గదిని పోగొట్టుకోవడం షావుకారు వల్ల కాదు. నెలల తరబడి ఆగిపోయిన గడియారం చేతిలో మళ్ళీ టిక్కుమనే క్షణం కోసం ఆమె వారమంతా ఎదురుచూస్తుంది. అలాంటి క్షణం లెక్కల పీరియడులో దొరకదు.

ఇనుప సామాన్ల కొట్టు నడిపే నాన్న కాఫీ తాగుతుంటే ఆమె సలహా అడిగింది.

"నాన్నా, కొట్లో సరుకు తక్కువైతే ఏం చేస్తావు?"

"పక్క కొట్టాయన్నడిగి తెచ్చి ముందు వరుసలో పెడతా. ఆయనకి తక్కువైన రోజు మనది పంపిస్తా."

"కనిపెట్టరా?"

"రెండు కొట్లూ ఒకేసారి చూస్తే కనిపెడతారు. అంత పనిలేని వాళ్ళెవరుంటారే?"

షావుకారుకు కావలసిన మాట దొరికింది. మొదటి బెల్లు కొట్టకముందే నాటకాల క్లబ్బు కెప్టెన్‌ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"మీరెంతమంది?"

"ఎనిమిది. మొన్నటిదాకా తొమ్మిది. రాజు వేషం ఇవ్వలేదని ఒకడు అలిగి పోయాడు."

"మా ముగ్గుర్నీ మీ రిజిస్టర్లో రాసుకో. మీ ఎనిమిది మందినీ మా రిజిస్టర్లో రాయి."

కెప్టెన్ వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "ఇద్దరికీ పదకొండే కదే అయ్యేది! ఒకరు తక్కువ."

"అందుకే చదరంగం వాళ్ళ దగ్గరికి పోదాం. అయిదుగురున్నారు."

"వాళ్ళు నోరు విప్పి మాట్లాడరు తల్లీ!"

"సంతకానికి నోరెందుకు?"

మధ్యాహ్నానికి మూడు క్లబ్బుల్లోనూ పదహారేసి మంది తేలారు. బేరం బాగుందనుకునేలోపే ఆ వార్త బొమ్మలు గీసే క్లబ్బుకు తెలిసింది. వాళ్ళు తొమ్మిది మందీ చేరారు. మర్నాడు తోటపని వాళ్ళు ఏడుగురు మట్టి చేతులతోనే వచ్చి సంతకాలు పెట్టారు. వక్తృత్వం క్లబ్బువాళ్ళు ఎనిమిది మంది, ఇది అన్యాయమని అరగంట వాదించి, చివర్న కలం అడిగారు. బుధవారానికి ఆరు క్లబ్బుల్లోనూ నలభైకి నలభై మంది. మనుషులు నలభై, పేర్లు రెండు వందల నలభై. పెట్టుబడి పెట్టకుండా ఇంత లాభం చూసిన షావుకారుకు ఆ రాత్రి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

గురువారం ప్రార్థన తర్వాత హెడ్‌మిస్ట్రెస్ మైకు ముందుకు వచ్చారు. ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వుతుంటే పిల్లలకు అనుమానం రావలసింది.

"మన బడిలో క్లబ్బుల సభ్యత్వం రెండు వందల నలభైకి చేరింది! పైఆఫీసుకు రాశాను. రేపు తనిఖీ అధికారిగారు వచ్చి ఆరు క్లబ్బులూ చూస్తారు. ఒక్కరు కూడా తగ్గకూడదు."

క్లబ్బులన్నిటికీ ఉన్నది శుక్రవారం చివరి గంట ఒక్కటే. షావుకారు తన క్లబ్బువాళ్ళనీ కెప్టెన్‌నీ మెట్ల కింద గదికి లాక్కుపోయింది.

"అక్కా, మనం ఆరుచోట్ల ఎలా కూర్చుంటాం?" అంది చెల్లెలు. బాబాయి కూతురు, ఎనిమిదో తరగతి. గడియారాల క్లబ్బులో రెండో సభ్యురాలు.

"కూర్చోం. నడుస్తాం. ఆయన ఒక్కో గదికి పది నిమిషాలు. ముందు వరండాలోంచి వస్తాడు. మనం వెనక వరండాలోంచి తర్వాత గదికి పోతాం."

"మొహాలు గుర్తుపడితే?" అన్నాడు మూడో సభ్యుడు, కళ్ళద్దాల కుర్రాడు.

"మీసాలు నేనిస్తా," అన్నాడు కెప్టెన్. "పదిహేనున్నాయి. ఆడపిల్లలకి విగ్గులు."

"టైము ఎలా తెలుస్తుంది?" అంది చెల్లెలు.

ఆ ప్రశ్నకు షావుకారు గర్వంగా నవ్వింది. "గదికో గడియారం పెడదాం. అన్నీ మనం బాగుచేసినవే."

ఆ గడియారాలన్నీ నడిచేవే, అందులో దోషం లేదు. అయితే ఏ రెండూ ఒకే వేగంతో నడిచేవి కావు. ఒక్కోదాన్ని ఒక్కో శుక్రవారం బాగుచేశారు. పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ముగ్గురిలో ఎవరికీ రాలేదు. టిక్కుమంటే చాలనుకున్నారు.

మొదటి గదిలో వక్తృత్వం బ్రహ్మాండంగా సాగింది. నలభై మందిని చూసి అధికారి కళ్ళు పెద్దవయ్యాయి. రెండోది బొమ్మల గది. అక్కడి గడియారం పావుగంట ముందుకు పరిగెత్తింది. అధికారి తలుపు తీసేసరికి ఎవరూ లేరు, తడి ఆరని కుంచెలు మాత్రం ఉన్నాయి.

"ఇప్పుడే ఉన్నారండీ," అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

మూడోది చదరంగం. అక్కడి గడియారం వెనకబడింది. సగం మంది దాన్ని నమ్మి ఉండిపోయారు, సగం మంది నమ్మక పోయారు. మీసం సగం ఊడిన ఒక కుర్రాడిని అధికారి కాసేపు పరిశీలించారు.

"బాబూ, నువ్వు ఇందాక చెట్ల పెంపకం మీద మాట్లాడలేదూ?"

"మా అన్నయ్యండీ," అన్నాడు వాడు.

అక్కడినుంచి ఎవరు ఎటు పోతున్నారో తెలియలేదు. తోటకు పోయేవాళ్ళు, తోటనుంచి వచ్చేవాళ్ళు వెనక వరండాలో ఢీకొన్నారు. విగ్గులు తారుమారయ్యాయి. నాటకాల హాల్లో గడియారం ఆగిపోయింది. దాంతో అందరికీ ఒకటే తోచింది: ఎలాగూ చివరికి చేరాల్సింది మెట్ల కింద గదికే, ముందే పోతే గొడవుండదు.

అధికారి ఆ తలుపు లాగగానే ముగ్గురు ఆయన కాళ్ళమీద పడ్డారు. మిగతా ముప్పై ఏడు మంది ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు.

అధికారి వెనక్కి ఒక అడుగు వేశారు. "ఈ గదిలో ఆరుగురికి మించి ఉండటం ప్రమాదం. ఇంతమంది చేరే క్లబ్బుకి ఈ గది పనికిరాదు. ఇవాళే తాళం వేయించండి."

"అయ్యో, ఇంతమంది లేమండీ!" గుంపులోంచి షావుకారు తల బయటపెట్టింది. "మేం ముగ్గురమే!"

"ముగ్గురైతే నోటీసు ప్రకారం నేనే తాళం వేయాలి," అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

ఎక్కువైనా గది పోతుంది, తక్కువైనా పోతుంది. ఇటువంటి బేరం నాన్న కొట్లో ఎన్నడూ తగల్లేదు. దిక్కుతోచక షావుకారు సోమవారం నుంచి జరిగిందంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ కెప్టెన్ తన మీసం తీయడం మరిచిపోయి తలాడించాడు.

అధికారి గోడవైపు తిరిగి చాలాసేపు దగ్గారు. ఆ దగ్గుకు భుజాలు అంతగా ఎందుకు కదిలాయో ఎవరూ అడగలేదు. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం దగ్గే స్థితిలో లేరు. రెండు వందల నలభై అని పైఆఫీసుకు రాసింది ఆవిడ. అది తప్పని రాయవలసి వస్తే రాయవలసిందీ ఆవిడే.

"సంతకాలు మీవేనా?" అన్నారావిడ చివరికి.

"మావేనండీ," అన్నారు నలభై మందీ.

"అయితే రాసిన లెక్క నిజమే. ఒక్కరి పేరూ కొట్టెయ్యను. ప్రతి శుక్రవారం వంతులవారీగా అందరూ అన్ని క్లబ్బులకీ వెళ్ళాల్సిందే. ఈ గదికి మాత్రం ఆరుగురు చొప్పున. చిన్న తరగతుల వాళ్ళు ముందు. తాళంచెవి ఆఫీసులో ఉంటుంది."

అలా ఏ క్లబ్బూ మూతపడలేదు. చదరంగం వాళ్ళలో ఒకడు వక్తృత్వంలో నోరు తెరిచాడు, ఇక మూయించడం కష్టమైంది. షావుకారుకు మొదటి శుక్రవారం నాటకంలో శవం వేషం వచ్చింది. బాగా చేసిందని చప్పట్లు కొట్టారు, లేచి దండం పెట్టవద్దన్నారు.

మెట్ల కింద గది నిలబడింది. అందులో అడుగుపెట్టడానికి షావుకారు వంతు ఏడో శుక్రవారం వస్తుంది.