ప్లాస్టరు వేసిన పెట్టె

ఆ రోజు ఉదయం ఆవిడ పెట్టుకున్న పని ఒక్కటే, దిండ్లు డాబా మీద ఎండబెట్టడం. కూతురు కెమెరా భుజాన వేసుకుని పెళ్ళి షూటింగుకి వెళ్ళింది. అల్లుడు పనిమీద పొరుగూళ్ళో ఉన్నాడు. గ్యాసు కట్టేశానా లేదా అని మళ్ళీ మళ్ళీ చూసుకుని, రెండు దిండ్లు చంకన పెట్టుకుని ఆవిడ గడప దాటబోతుండగా, ముందుగదిలోని కంప్యూటరు పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది.

ఆ ఇంటి బతుకుతెరువంతా ఆ పెట్టెలోనే ఉంది. కూతురూ అల్లుడూ తీసిన పెళ్ళి వీడియోలన్నీ అందులోని ఐదు డిస్కుల్లో దాచారు. దాని లైట్లు రాత్రింబవళ్ళు మినుకుమినుకుమంటుంటే, ఏదో ఒకనాడు ఇల్లంటుకుంటుందని హడలిపోయి, గాయాలకు వేసే ప్లాస్టరు ముక్కలు తెచ్చి ఒక్కో లైటు మీదా అంటించింది ఆవిడే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో ఫోను మోగింది. "అమ్మా, కంగారుపడకు," అంది కూతురు.

ఆ మాటతో ఆవిడకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. "ఎవరికేమైందే? అల్లుడుగారు బావున్నారా?"

"మనుషులంతా బానే ఉన్నారు. పెట్టెలో ఓ డిస్కు పోయిందని నాకు మెసేజీ వచ్చింది. ఒకటి పోతే ఫర్వాలేదు, మిగతా నాలుగూ కలిసి దాన్లో ఉన్నదాన్ని మళ్ళీ తయారుచేస్తాయి. ఈలోగా ఇంకోటి పోయిందా, అన్నీ పోయినట్టే. చెడిపోయినదాన్ని లాగేసి, సొరుగులో ఉన్న కొత్తది దాని స్థానంలో తొయ్యి. ఎర్రలైటు దేనికుందో చూడు."

ప్లాస్టరు ముక్కలన్నీ తననే చూస్తున్నట్టనిపించింది ఆవిడకి. పీకి చూద్దామంటే, దాంతోపాటు డిస్కు కూడా ఊడొస్తుందేమోనని భయం. "ఎర్రదేం కనబడట్లేదే..."

"సరే, మెసేజీలో నంబరు రెండని ఉంది. ఎడమ నుంచి రెండోది లాగెయ్."

ఆవిడ చెయ్యి చాపింది. తప్పుది లాగితే? పిల్లల్ని చంకనేసుకున్న జంటలన్నీ గుమ్మంలో వరసకట్టి, "మా పెళ్ళేదండీ?" అని నిలదీస్తున్నట్టు కళ్ళముందు కనబడింది. మళ్ళీ పెళ్ళి చేసుకోండని ఎవరికి చెప్పగలదు? చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"తీశావా?"

"ఆఁ... తీశాను."

"కొత్తది పెట్టావా?"

"పెట్టేశాను."

"మరి ఇంకా అరుస్తోందేం?"

ఆవిడ గబుక్కున దిండ్లు రెండూ పెట్టె మీద పడేసి, పైన తాను వాలిపోయింది. "ఇప్పుడు విను. ఆగిపోయింది."

"మా అమ్మ బంగారం! అయితే ఇంక భయం లేదు. మొన్నటి పెళ్ళి ఉన్న కెమెరా కార్డులు చెరిపేసి ఇవాళ్టికి వాడేస్తాను. కార్డులు చాలక చస్తున్నా."

"చెరపడమా! మరి ఆ పెళ్ళి ఇంకెక్కడుంది?"

"ఎక్కడేంటి, నీ ముందున్న పెట్టెలోనే!"

దిండ్ల కింద పెట్టె కాగుతోంది. నిజం చెబితే కూతురు చీవాట్లు పెడుతుంది, చెప్పకపోతే ఎవరి పెళ్ళో గాలిలో కలిసిపోతుంది.

"చెరపకే తల్లీ! నాకు... గుండెల్లో దడగా ఉంది." ఆ ఒక్క మాట మాత్రం అబద్ధం కాదు.

"అమ్మా! కదలకు, వచ్చేస్తున్నా!"

కూతురు ఫోను చేసిందేమో, పైవాటాలో ఉండే ఆస్పత్రి నర్సమ్మ పరుగున దిగివచ్చింది. ఆవిడ మణికట్టు పట్టుకుని చూసి, దిండు కింద చెయ్యిపెట్టి ఉలిక్కిపడింది. "పిన్నిగారూ, నాడేమో మీది పరుగెడుతోంది, ఒళ్ళేమో దీనిది కాలిపోతోంది. ముందు ఎవర్ని చూడమంటారు? లేవండి, మంచం మీద పడుకుందురుగాని."

"లేస్తే అరుస్తుందమ్మా!"

అంతలో కూతురు ఆటో దిగి లోపలికి వచ్చింది. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"నాకేం కాలేదే," అంది తల్లి.

కూతురు నేలమీద కూలబడిపోయింది. "అంతా పోయిందమ్మా! దార్లో ఆయనకి ఫోన్ చేశాను. ఈ పెట్టె సున్నా నుంచి లెక్కపెడుతుందట. నంబరు రెండంటే మూడోదట! బాగున్నదాన్ని నీచేత పీకించానమ్మా. చేతిలో ఉన్న కార్డులు తప్ప ఇంకేం మిగల్లేదు..."

ఆ ఇంట్లో తనకంటే ఎక్కువ భయపడ్డ మనిషిని ఆవిడ చూడటం అదే మొదటిసారి. మెల్లిగా లేచి దిండ్లు తీసింది. పెట్టె మళ్ళీ కీచుమంది.

"నేనసలు దాన్ని ముట్టుకోలేదే."

"మరి తీశానన్నావ్?"

"భయమేసి అన్నాను."

"కొత్తది పెట్టానన్నావ్?"

"అదీ భయమేసే."

కూతురు తల్లిని కౌగిలించుకుని భోరుమంది. అలా ఏడుస్తూనే, తల్లి భుజం మీంచి పెట్టెవైపు చూసి ఆగిపోయింది. "ఇదేంటమ్మా, ప్లాస్టర్లు?"

"అది కూడా..." అని నసిగింది ఆవిడ.

మూడోదాని మీది ప్లాస్టరు పీకగానే ఎర్రలైటు భగ్గుమంది. కూతురు ఆ డిస్కు లాగి కొత్తది తోసింది. కాసేపటికి పెట్టె నోరు మూసింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ వస్తువునైనా ఎవరూ ముట్టుకోకూడదనుకుంటే, దాన్ని తీసెయ్యమని ఆవిడకి చెబుతున్నారు.