చాందిని మేత కేసు

"స్టీఫెన్, రాసిపెట్టుకో! ఈ గోపాల్‌పేటల నా కంట్ల పడకుంట తప్పించుకునే నేరస్తుడు ఇంకా పుట్టలే. పుట్టినా బతకడు!"

గిట్ల మొత్తుకుంట కురుమయ్య నా జిరాక్స్ షాపులకు జొరబడ్డడు. మోటర్లు బాగుచేసుకునేటోడు, రెండేండ్ల సంది డిటెక్టివ్ అయిండు. ఇప్పటిదాంక పట్టుకున్నది రెండు కోళ్లను, ఒక పోస్ట్‌మ్యాన్‌ను. ఆ పోస్ట్‌మ్యాన్‌కు కోపం ఇంకా పోలే. నడి ఎండల నెత్తికి ఉన్ని మంకీ క్యాప్ ఏస్కొని తిరుగుతడు, మారువేషమంట. ఎవరన్న "ఏం కురుమయ్యా, ఎటు పోతున్నవ్?" అంటే చాలు, "నన్నెట్ల గుర్తువట్టినవ్?" అని పరేషాన్ అయితడు.

"ఇప్పుడేమైంది?" అన్న.

"బాబా భాయ్ గుర్రం మీద హత్యాప్రయత్నం!"

బాబా భాయ్ తెల్లగుర్రం చాందిని మా దిక్కు పెండ్లికొడుకులందర్నీ మోసిన గుర్రం. పిల్లలు లేని బాబా భాయ్‌కి, షాహెదా బాబీకి అదే బిడ్డ. షట్టర్ దించి కురుమయ్య ఎంబడి ఉరికిన.

బాబా భాయ్ ఉలవల తొట్టి ముంగటేస్కొని కూసున్నడు. "రెండు దినాల సంది మేస్తలేదు స్టీఫెన్. నోట్ల పెట్టుకుంటది, నమలలేక కింద వదిలేస్తది. పశువుల డాక్టరమ్మ అర్చన క్యాంపుల ఉన్నదంట, సాయంత్రం వస్తనన్నది. అప్పటిదాంక ఇది ఉంటదా?" తువ్వాలతోని కండ్లు ఒత్తుకున్నడు. నాకూ ఏడుపొచ్చింది.

అవతల నీడల చాందిని ఒక పక్కకు ఒరిగి పండుకున్నది. కురుమయ్య నెత్తి పట్టుకున్నడు.

"అయిపోయింది! ప్రాణం పోయింది! గుర్రం జన్మల పండుకోదు, నిలబడే నిద్రపోతది. పండుకున్నదంటే పోయినట్టే!"

"నోర్ముయ్!" షాహెదా బాబీ లోపట్నించి వచ్చింది. "రోజూ జరసేపు గట్లనే పండుకుంటది. నువ్వు మంచం మీద పండుకుంటే మేమొచ్చి డప్పు కొడుతున్నమా?"

ఈ లొల్లికి చాందిని లేచి నిలబడ్డది. ఎనక కాలు ఒకటి జర మడిచి, డెక్క కొస మాత్రం నేలకు ఆనించింది.

"సూసిన్రా! కాలు విరగ్గొట్టిన్రు!"

"విరుగుడేంది? కాలుకు ఆరాం ఇస్తుంది" అన్నడు బాబా భాయ్. చాందిని ఆ కాలు దించి రెండోది మడిచింది.

"ఓర్నీ! రెండోది కూడా విరగ్గొట్టిన్రు!"

కురుమయ్య దగ్గరికి పోయి భూతద్దం తీసిండు. చాందిని ఆయన నెత్తిని వాసన చూసి, మెడ సాపి, పై పెదవి మీదికి లేపి పండ్లన్నీ బయట పెట్టింది.

"నవ్వుతుంది! దీనికి నేరస్తుడెవడో తెలుసు! నా మొకం చూసి నవ్వుతుంది!"

"నవ్వు కాదు కురుమయ్యా. కొత్త వాసనొస్తే గట్ల పెదవి లేపుతది. ఆ టోపీ ఉతికి ఎన్నేండ్లాయె?" అన్నడు బాబా భాయ్.

డిటెక్టివ్ టోపీ ఇంకింత కిందికి గుంజుకున్నడు. చేతులు ఎనకకు కట్టుకొని అటూ ఇటూ తిరిగిండు. "బాధితురాలు ఆఖరిసారి మంచిగ మేసింది ఎప్పుడు?"

"మొన్న. గోపి పెండ్లి బారాత్ ఎల్లకముందు."

"ఆ బారాత్‌ల దీని దగ్గరికి ఎవరెవరు వచ్చిన్రు?"

"బారాత్ అన్నంక ఊరు ఊరంత వస్తది!"

"ఆ ఊరంతట్ల ఒక్కడు... ఒకే ఒక్కడు..." అనుకుంట బాధితురాలి నోరు పరీక్ష చేస్తందుకు వంగిండు. చాందిని టక్కున మంకీ క్యాప్ అందుకున్నది.

"నా మారువేషం! ఇడువ్! చట్టం ఊకోదు!"

ఈయన ఇటు గుంజుతుండు, అది అటు గుంజుతుంది. నాలుకతోని సగం టోపీ లోపలికి తీసుకున్నది. కురుమయ్య బలమంతా పెట్టి గుంజిండు. టోపీ సర్రున బయటికొచ్చింది. ఆయన పోయి ఎనకున్న లద్దె కుప్పల కూలవడ్డడు.

చాందిని రెండుసార్లు తల ఇదిలించింది. నాలుక ఆడిచ్చింది. మెల్లగ తొట్టి కాడికి వచ్చి ఉలవలల్ల మూతి పెట్టింది. కరకరకర. ఒక్క గింజ కిందవడలే. బాబా భాయ్ దాని మెడ పట్టుకొని "నా తల్లీ, నా బంగారం" అని ఎక్కెక్కి ఏడ్సిండు. బాబీ డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "నోట్ల పుండయి ఉంటది, వచ్చి చూస్త. అప్పటిదాంక నానవెట్టినయే పెట్టుండ్రి" అన్నది.

"ఆయుధం దొరికింది!"

లద్దె కుప్పల కూసునే కురుమయ్య టోపీ లేపి చూపిచ్చిండు. ఉన్ని దారాలకు చిక్కుకొని ఒక పుల్ల ఉన్నది. చాందిని అంగిట్ల అడ్డం ఇరుక్కున్నదే టోపీకి చిక్కి బయటికొచ్చింది.

"కుల్ఫీ పుల్ల! పుల్లతోని సహా కుల్ఫీ తినిపిచ్చినోడే నేరస్తుడు! వాడు పాతాళంల దాసుకున్నా ఇడువను. చెప్పుండ్రి, ఎవడా దుర్మార్గుడు?"

నేను మొన్న బారాత్‌ల తీసిన వీడియో ఫోన్ల పెట్టి చూపిచ్చిన. అండ్ల మంకీ క్యాప్ ఏస్కున్న మనిషి ఒకడు, "గుర్రాలకు తీపంటే పానం!" అనుకుంట చాందిని నోట్ల నిండు కుల్ఫీ కుక్కుతుండు.

కురుమయ్య రెండుసార్లు చూసిండు. భూతద్దం పెట్టి మూడోసారి చూసిండు.

"మారువేషం మస్తుగున్నది" అన్నడు. "ఎవడో గుర్తువడతలేడు."

షాహెదా బాబీ గుర్తువట్టింది. చీపురు పట్టుకొని వనపర్తి తొవ్వ దాంక తరిమింది. లద్దె కారుకుంట ఉరుకుతున్న డిటెక్టివ్ దిక్కు చాందిని తలెత్తి చూసి, పై పెదవి లేపి పండ్లన్నీ బయట పెట్టింది.

బాబా భాయ్ ఏమన్న అననీ, ఈసారి మాత్రం అది నవ్విందే.